క్రూయిజ్‌లో టికెట్‌తో వచ్చే భోజనం సరిపోతుందా, డబ్బు కట్టే రెస్టారెంట్లు కూడా బుక్ చేయాలా?

పటమట_పద్మజ
దసరా సెలవులకి సింగపూర్ నుంచి క్రూయిజ్ బుక్ చేశాం. రాయల్ కరీబియన్, నాలుగు రాత్రులు, పెనాంగ్, ఫుకెట్ చూపించి తీసుకొస్తుంది. మేమిద్దరం, అత్తయ్యగారు, మామయ్యగారు, పదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప.

టికెట్ డబ్బు మొత్తం కట్టేశాక ఏజెంట్ కొత్త పాట ఎత్తుకున్నాడు. మెయిన్ డైనింగ్ రూమ్‌లో (టికెట్‌తోనే భోజనం పెట్టే పెద్ద హాలు) జనం ఎక్కువ, రుచీ పచీ ఉండదు, పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి స్పెషాలిటీ రెస్టారెంట్ల (విడిగా డబ్బు కట్టి తినేవి) ప్యాకేజీ తీసుకోండి, షిప్పెక్కాక రేటు ఇంకా పెరుగుతుంది అని రెండ్రోజులకోసారి ఫోను. టికెట్‌లోనే అన్ని పూటలా భోజనం ఉందని చెప్పి అమ్మినవాడే ఇప్పుడు ఆ భోజనం బాగోదంటే ఒళ్ళు మండుతోంది.

అత్తయ్యగారు పూర్తి శాకాహారం, గుడ్డు కూడా ముట్టరు. మామయ్యగారు చేప, కోడి తింటారు. ఆయనకి షుగర్, రాత్రి ఎనిమిది దాటితే ఆగలేరు. బీఫ్, పోర్క్ మా ఇంట్లో ఎవరూ తినరు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. ఉన్న భోజనం సరిపోతుందా? డబ్బు కట్టి తినేచోట నిజంగా అంత తేడా ఉంటుందా?

బెంజిసర్కిల్_బాబీ
ప్యాకేజీ వద్దు. నాలుగు రాత్రులకి ప్యాకేజీ ఏంటండీ అసలు.

మిర్చియార్డ్_మూర్తి
బాబీ, ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? నేను డబ్బు కట్టే తిన్నాను, నాకు నచ్చింది. మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి స్టేక్‌హౌస్‌లో, అంటే ముఖ్యంగా బీఫ్ ముక్కలు కాల్చి పెట్టే రెస్టారెంటులో, టేబుల్ తీసుకున్నాం. గది చిన్నది, అద్దం పక్కనే సీటు, బయట సముద్రం. వెయిటరు తొందరపెట్టలేదు. మెయిన్ డైనింగ్‌లో వందల మంది ఒకేసారి మాట్లాడుతుంటే మా ఆవిడ చెప్పేది నాకు సగం వినపడలేదు. ఇక్కడ ఇద్దరం ప్రశాంతంగా కబుర్లు చెప్పుకున్నాం. రుచి కోసం కాదు, ఆ ప్రశాంతత కోసం కట్టాను. దానికి విలువ లేదంటే నేనొప్పుకోను.

బ్రాడీపేట_4వ_లైను
మూర్తి గారూ, స్టేక్‌హౌస్‌లో ఏం తిన్నారు?

మిర్చియార్డ్_మూర్తి
చేప. మాదీ బీఫ్ తినని ఇల్లే.

బ్రాడీపేట_4వ_లైను
అదే నా పాయింటు. పద్మజ గారూ, లెక్క చూడండి. రాయల్ కరీబియన్‌లో చాప్స్ గ్రిల్ లాంటి స్టేక్‌హౌస్‌లో మనిషికి ఇంతని కవర్ ఛార్జీ ఉంటుంది, ఏం తిన్నా తినకపోయినా అంతే. దాని మీద 18 శాతం సర్వీసు వాళ్ళే కలిపేస్తారు. రేటు షిప్పుని బట్టి, రోజుని బట్టి మారుతుంది. లెక్క కోసం 50 డాలర్లు అనుకుందాం. సర్వీసుతో కలిపి 59. డాలరు 85 రూపాయలు వేసుకున్నా మనిషికి 5,000 దాటింది. పెద్దవాళ్ళు నలుగురికి 20,000. ఒక్క పూటకి.

ఆ కవర్ ఛార్జీలో పెద్ద వాటా బీఫ్ ముక్కకే పోతుంది, ఆ రెస్టారెంటు పేరు నిలబడేదే దాని మీద. మీరు అది ముట్టరు. అత్తయ్యగారు ఏదీ ముట్టరు. స్టేక్ తినేవాళ్ళు కట్టిన డబ్బే కట్టి, ఆవిడ సలాడు, ఉడికించిన పుట్టగొడుగులు, బంగాళదుంప తిని లేవాలి. మూర్తి గారిలాగా ఇద్దరే, పెళ్ళిరోజు అయితే అది వేరే సంగతి. ఆరుగురు కుటుంబానికి ఈ లెక్క కుదరదు.

పటమట_పద్మజ
20,000 అని చదివి మా వారు కుర్చీలోంచి లేచారు. పాపకి కూడా కట్టాలా?

బ్రాడీపేట_4వ_లైను
అయిదేళ్ళ వరకు పిల్లలకి ఉచితం. ఆరు నుంచి పన్నెండు వరకు తక్కువ రేటు. కాబట్టి పాపకి లేదు, బాబుకి కొంచెం.

లబ్బీపేట_లక్ష్మి
పద్మజ గారూ, మేం వెళ్ళినప్పుడు మా అత్తగారు కూడా ఉన్నారు, ఆవిడా మీ అత్తయ్యగారి లాగే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మెయిన్ డైనింగ్ అంటే బఫే కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. బఫే వేరే ఉంటుంది, పై డెక్కులో, రాయల్ కరీబియన్‌లో దాన్ని విండ్‌జామర్ అంటారు. మెయిన్ డైనింగ్‌లో మీరు కూర్చుంటే వాళ్ళే వడ్డిస్తారు. తెల్లగుడ్డ వేసిన టేబులు, ఒడిలో నాప్కిన్ పరిచి, చేతిలో మెనూ పెడతారు. ముందు సూపో సలాడో, తర్వాత అసలు వంటకం, చివర స్వీటు. మెనూ ప్రతి రాత్రీ మారుతుంది. ఫిక్స్‌డ్ టైము తీసుకుంటే రోజూ అదే టేబులు, అదే వెయిటరు, అతనికి ఒక అసిస్టెంటు.

అసలు సంగతి ఆ వెయిటరు. మొదటి రాత్రి మా అత్తగారు మెనూ కింద పెట్టేసి, నాకు పెరుగన్నం చాలమ్మా అన్నారు. ఆ కుర్రాడికి తెలుగు రాదు, ఫిలిప్పీన్స్ అబ్బాయి. కానీ ఆవిడ మొహం చూసి హెడ్ వెయిటర్‌ని పిలుచుకొచ్చాడు. ఆయన మంగుళూరు ఆయన. రేపు రాత్రికి ఏం కావాలమ్మా అని హిందీలో అడిగి రాసుకున్నాడు. రెండో రాత్రి ఆవిడ ముందు చిన్న స్టీలు గిన్నెల్లో పప్పు, బెండకాయ వేపుడు, అన్నం, అప్పడం పెట్టారు. మెనూలో ఇవేవీ లేవు. పైసా ఎక్కువ తీసుకోలేదు. ఆఖరి రాత్రి ఆవిడ ఆ ఫిలిప్పీన్స్ కుర్రాడి తలమీద చెయ్యి వేసి దీవించి వచ్చారు.

డబ్బు కట్టే రెస్టారెంటుకి ఒక్క రాత్రే వెళ్తారు. మీరెవరో, ఏం తింటారో వాళ్ళకి తెలిసేలోపే భోజనం అయిపోతుంది. శాకాహారులకి ఆ తెలిసిన మనిషి చాలా ముఖ్యం.

కొత్తపేట_కుమార్
అప్పడం కూడానా! షిప్పులో!

లబ్బీపేట_లక్ష్మి
అవును, వేయించిందే.

కృష్ణలంక_కిరణ్
అందరూ ఆ రెండింటి గురించే కొట్టుకుంటున్నారు. నా ఓటు బఫేకి. సింగపూర్ నుంచి వెళ్ళే షిప్పుల్లో ఇండియన్ కూరలు బఫేలో ఉంటాయి, మనవాళ్ళు అంతమంది ఎక్కుతున్నారు మరి. డ్రెస్సు గొడవ లేదు, టైము గొడవ లేదు, నచ్చకపోతే ఇంకోటి వడ్డించుకోవచ్చు. పిల్లలు అరగంట కూర్చోలేరు, మెయిన్ డైనింగ్‌లో గంటన్నర ఎలా కూర్చోబెడతారు?

లబ్బీపేట_లక్ష్మి
పొద్దున, మధ్యాహ్నం బఫేకి నేనూ ఓటేస్తాను కిరణ్. రాత్రి మాత్రం పెద్దవాళ్ళని ప్లేటు పట్టుకుని ఆ రద్దీలో తిప్పకండి. ఓడ కొంచెం ఊగినా చేతిలో వేడి సూపుతో నడవడం వాళ్ళకి కష్టం.

షిప్పు_వంటింట్లోంచి
చాలా రోజులుగా చదువుతున్నా, ఎప్పుడూ రాయలేదు. నేను క్రూయిజ్ షిప్పు గ్యాలీలో పనిచేసి వచ్చి ఇప్పుడు మంగళగిరిలో ఉంటున్నాను. గ్యాలీ అంటే షిప్పులో వంటగది. కంపెనీ పేరు రాయను.

రుచి తేడా ఎందుకొస్తుందో చెప్తాను, అప్పుడు మీరే తేల్చుకోవచ్చు. పెద్ద షిప్పులో మెయిన్ డైనింగ్‌లో ఒక్కో సిట్టింగ్‌కి, అంటే ఒక్కో బంతికి, వెయ్యి మందికి పైన కూర్చుంటారు. అందరూ పావుగంట తేడాలో ఆర్డరిస్తారు. ఆర్డరు వచ్చాక వండటం మొదలుపెడితే తెల్లారుతుంది. అందుకని ఎన్ని చేపలు, ఎన్ని కోడి ముక్కలు పోతాయో పాత లెక్కల్ని బట్టి అంచనా వేసి ముందే సిద్ధం చేస్తాం. వండినది వేడి పెట్టెల్లో ఉంటుంది. వెయిటర్లు లైన్లో వచ్చి, మూత పెట్టిన ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన ట్రే భుజానికెత్తుకుని వెళ్తారు. అమెరికా రేవులకి వెళ్ళే షిప్పులకి అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ రూలు ఉంది. వేడిది 57 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకూడదు, చల్లటిది 5 డిగ్రీలు దాటకూడదు. థర్మామీటరు పట్టుకుని తిరిగేవాళ్ళుంటారు. ఇంకో సంగతి, షిప్పు వంటింట్లో గ్యాస్ మంట ఉండదు. నిప్పు భయం. అంతా కరెంటు పొయ్యిలే.

స్పెషాలిటీ రెస్టారెంటులో ఒక పూట తినేది వంద, నూట యాభై మంది. ఆర్డరొచ్చాక పెనం మీద వేస్తారు. తేడా అక్కడుంది. సరుకు కొంచెం మెరుగు, కానీ అసలు తేడా సమయం.

ఇప్పుడు ఆలోచించండి. ఏది ఆగితే పాడవుతుంది? గ్రిల్ చేసిన చేప, రొయ్య, స్టేకు, పూరీ, దోశ. అయిదు నిమిషాలు వేడి పెట్టెలో ఉంటే చేప పీచు పీచవుతుంది. ఏది ఆగినా పాడవదు? పప్పు, కూర, సూపు, బిర్యానీ, ఎముకతో పాటు గంటలు గంటలు మగ్గబెట్టే లాంబ్ షాంక్, అంటే గొర్రె కాలు. ఇవి ఆగితే ఇంకా కుదురుకుంటాయి. మన పెళ్ళిళ్ళలో బంతికి మూడొందల మందికి వడ్డించినా గుత్తొంకాయ కూర, పప్పుచారు ఎందుకంత బాగుంటాయి? అవి పెద్ద గుండిగలో వండటానికే పుట్టిన వంటలు. మెయిన్ డైనింగ్ వంటిల్లు కూడా బంతి భోజనం లాంటిదే. అక్కడ మన తిండి ఓడిపోదు, వాళ్ళ స్టేకు ఓడిపోతుంది. అమెరికా వాళ్ళు మెయిన్ డైనింగ్ బాగోదని రాసేది చదివి మనం భయపడక్కర్లేదు. వాళ్ళు వెతికేది వేరు, మనం తినేది వేరు.

బెంజిసర్కిల్_బాబీ
ఈ పోస్టుని పైన పిన్ చెయ్యాలి ఎవరైనా.

కొత్తపేట_కుమార్
గుత్తొంకాయ పేరెత్తారు, రాత్రి పదకొండింటికి నాకు ఆకలేస్తోంది.

మిర్చియార్డ్_మూర్తి
షిప్పు వంటింట్లోంచి గారు, చక్కగా చెప్పారు. అయితే నేను తిన్న చేప బాగుండటానికి కారణం అదేనన్నమాట. చేప తినే మామయ్యగారికి ఒక పూట డబ్బు కట్టినా వృథా కాదని మీ మాటల్లోనే ఉంది కదా?

షిప్పు_వంటింట్లోంచి
ఉంది సార్. చేప, రొయ్య తినేవాళ్ళు ఒక్క రాత్రి వెళ్ళొచ్చు. జపాన్ వాళ్ళ టెప్పన్‌యాకి అయితే మీ ఎదురుగానే పెనం మీద చేసి పెడతారు, పిల్లలకి చూడ్డానికి కూడా సరదా. కానీ శాకాహారులని తీసుకెళ్ళకండి.

తెనాలి_సుధ
శాకాహారులని ఎందుకు తీసుకెళ్ళకూడదో నేను చెప్తాను. మా అమ్మని వేరే కంపెనీ షిప్పులో టెప్పన్‌యాకికి తీసుకెళ్ళాం. అందరికీ ఒకటే పెనం. అవతలివాళ్ళ గొడ్డు మాంసం వేసిన చోటే గరిటెతో గీకి అమ్మ కూరగాయలు వేశారు. ఆవిడ చూసింది. ఇక ముట్టలేదు. పక్కన చిన్న పెనం మీద వేరేగా చెయ్యమని మేం ముందే చెప్పి ఉంటే చేసేవారట, ఆ మాట బుక్ చేసేటప్పుడు మాకు ఎవరూ అనలేదు. డబ్బు పోతే పోయింది, ఆవిడ ఆకలితో గదికి వచ్చిన సంగతి ఇప్పటికీ తల్చుకుంటే బాధగా ఉంటుంది.

ఇటాలియన్ అయితే శాకాహారులకి పర్వాలేదంటారు. నిజమే, పాస్తా, పిజ్జా, బ్రెడ్డు ఉంటాయి. కానీ మీ అత్తయ్యగారు బాగా పట్టింపు ఉన్నవారైతే పర్మేజాన్ చీజ్ సంగతి తెలుసుకోండి. అసలు సిసలు పర్మేజాన్ దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో తోడుపెడతారు. చీజ్ లేకుండా చెయ్యమంటే చేస్తారు.

పటమట_పద్మజ
సుధ గారూ, ఈ చీజ్ సంగతి నాకు అస్సలు తెలియదు. అత్తయ్యగారికి చెప్తే ఇక పిజ్జా కూడా తినరేమో! చెప్పకుండా ఉండలేను కూడా.

తెనాలి_సుధ
చెప్పండి. ఆవిడ నిర్ణయం ఆవిడది. అన్ని చీజులూ అలాంటివి కావు, అడిగితే వాళ్ళు చూసి చెప్తారు.

అరండల్‌పేట_డాక్టరమ్మ
మామయ్యగారి షుగర్ గురించి ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. మెయిన్ డైనింగ్‌లో రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి ఫిక్స్‌డ్ టైము, ముందు సిట్టింగ్ సాయంత్రం ఆరు ప్రాంతంలో, వెనక సిట్టింగ్ ఎనిమిది, ఎనిమిదిన్నర ప్రాంతంలో. రెండోది మై టైమ్, మీకు వీలైనప్పుడు వెళ్ళొచ్చు, ముందు టైము రిజర్వ్ చేసుకుంటే వెయిటింగ్ తగ్గుతుంది. మనవాళ్ళు ఆరింటికి అన్నమేంటని వెనక సిట్టింగ్ తీసుకుంటారు. మీరు అలా చెయ్యకండి. ఎనిమిదిన్నరకి కూర్చుంటే అసలు వంటకం వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. ఇన్సులిన్, మందులు వేసుకునేవాళ్ళకి అది ప్రమాదం. మై టైమ్ పెట్టుకుని ఏడుకి వెళ్ళండి. కూర్చోగానే బ్రెడ్డు బుట్ట వస్తుంది, అది చూసుకుని తినమనండి. చక్కెర కలపని స్వీట్లు కూడా ఉంటాయి, అడగండి.

డబ్బు కట్టే రెస్టారెంటులో భోజనం ఇంకా నెమ్మదిగా సాగుతుంది, రెండు గంటలు కూడా. ఆయనతో వెళ్తే టేబులు సాయంత్రం వేళకే తీసుకోండి.

లబ్బీపేట_లక్ష్మి
డాక్టరమ్మ గారి మాటకి ఒక్కటి కలుపుతాను. మై టైమ్ తీసుకుంటే రోజూ అదే వెయిటరు దొరక్కపోవచ్చు. రెండో రోజు నుంచి, నిన్నటి టేబులే ఇవ్వండి అని అడగండి, చాలాసార్లు ఇస్తారు. అప్పుడు అత్తయ్యగారి పప్పు సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు. బుకింగ్‌లో కూడా శాకాహారం, గుడ్డు వద్దు అని ఇప్పుడే రాయించండి. షిప్పెక్కాక చెప్తే చేస్తారు గానీ, ముందు రాసుంటే సరుకు పెట్టుకుంటారు.

హ్యూస్టన్_నుంచి_గుంటూరోడు
మా అమ్మానాన్నలని గాల్వెస్టన్ నుంచి కరీబియన్ క్రూయిజ్‌కి తీసుకెళ్ళాను. ఇక్కడి అనుభవం చెప్తా. మెయిన్ డైనింగ్‌లో చాలామందికి తెలియనిది, ఒక్క వంటకమే తీసుకోవాలని రూలు లేదు. రెండు తెప్పించుకుని అందరూ పంచుకోవచ్చు. మా నాన్న మొదటి రాత్రి మొహమాటపడి ఒక చేప ముక్క తిని ఊరుకున్నారు, రెండో రాత్రి నుంచి చేపా, కోడీ రెండూ. కార్నివాల్ అనే ఇంకో కంపెనీ షిప్పుల్లో మాత్రం మూడో ప్రధాన వంటకం నుంచి 5 డాలర్లు తీసుకోవడం మొదలుపెట్టారు. రెండు వరకు ఉచితమే. రాయల్‌లో పెద్ద రొయ్య, అదే లాబ్‌స్టర్, ఇచ్చే రాత్రి ఒకటి ఉచితం, ఇంకోటి కావాలంటే డబ్బు. చిన్న ట్రిప్పుల్లో ఆ రాత్రి ఉండకపోవచ్చు, మెనూ చూసుకోండి.

రోజువారీ గ్రాట్యుటీ, అంటే సిబ్బందికి ఇచ్చే టిప్పు, వేరే, అది మర్చిపోకండి. రాయల్‌లో మనిషికి రోజుకి ఇంతని వేస్తారు. అందులో మెయిన్ డైనింగ్ వెయిటర్ల వాటా కూడా ఉంటుంది. అంటే మీరు ఆ టేబులు దగ్గర కూర్చున్నా, కూర్చోకపోయినా వాళ్ళకి కడుతున్నారు. స్పెషాలిటీకి వెళ్ళిన రాత్రి దీని మీద మళ్ళీ 18 శాతం. నార్వేజియన్ కంపెనీ షిప్పుల్లో అది 20 శాతం.

బ్రాడీపేట_4వ_లైను
ఇదీ నేను మర్చిపోయిన లెక్క. థాంక్స్ గుంటూరోడు. ఏజెంట్ ఈ గ్రాట్యుటీ గురించి చెప్పాడా పద్మజ గారూ?

పటమట_పద్మజ
ఒక్క ముక్క కూడా చెప్పలేదు! రేపు ఫోను వస్తే నేనే అడుగుతాను.

ఏసీ_కాలేజీ_పాత_స్టూడెంట్
ఈ డబ్బు కట్టే రెస్టారెంటు గొడవ వందేళ్ళ పైనాటిది. 1905లో జర్మనీ కంపెనీ అమెరికా అనే ఓడలో రిట్జ్ పేరుతో వేరే రెస్టారెంటు పెట్టింది, టికెట్‌లో కలవని భోజనం. 1912లో టైటానిక్‌లో కూడా ఉంది. ఫస్ట్ క్లాసు వాళ్ళకి పెద్ద డైనింగ్ సెలూన్‌లో టికెట్‌తోనే భోజనం, పైన బి డెక్కులో లుయీజీ గట్టి అనే ఇటాలియన్ నడిపిన ఆలా కార్ట్ రెస్టారెంటులో విడిగా డబ్బు. అప్పట్లో ఒక న్యాయం ఉండేది. ప్రయాణమంతా రెస్టారెంటులోనే తింటానని ముందే చెప్పినవాళ్ళకి టికెట్‌లో కొంత తగ్గించేవారు. ఇప్పుడు మెయిన్ డైనింగ్ వదిలేసి పైకి వెళ్ళినా కింద వండిన భోజనానికి కట్టింది కట్టిందే.

కొత్తపేట_కుమార్
క్రూయిజ్ వెళ్ళేవాళ్ళకి టైటానిక్ కథ చెప్తున్నారేంటి మేష్టారూ! వాళ్ళత్తగారు ప్రయాణం మానేస్తారు!

ఏసీ_కాలేజీ_పాత_స్టూడెంట్
కుమార్, చెప్పింది భోజనం గురించే నాయనా, మంచుకొండ గురించి కాదు.

గన్నవరం_గోపాల్
ఇంకెవరైనా ఇదే ఆలోచనలో ఉంటే, సింగపూర్ దాకా ఎందుకు? మన దేశపు క్రూయిజ్ కంపెనీ కార్డేలియా వాళ్ళ ఎంప్రెస్ షిప్పు వైజాగ్ నుంచి పుదుచ్చేరి, చెన్నై తిప్పిన రోజులున్నాయి. ముంబై, చెన్నై నుంచి నడుస్తుంటుంది. ఓడ పాతదే, 1990లో కట్టింది, ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే. కానీ వంట మనది. జైన్ భోజనం కూడా పెడతారు. అక్కడ పెద్దవాళ్ళకి తిండి టెన్షన్ ఉండదు, వేరే రెస్టారెంటు అవసరమే రాదు.

కృష్ణలంక_కిరణ్
వాళ్ళు డబ్బు కట్టేశాక ఇప్పుడు వైజాగ్ అంటారేంటి గోపాల్ గారూ :)

పద్మజ గారూ, ఆవకాయ సంగతి ఎవరూ ఎత్తలేదు. సీలు తీయని ప్యాకెట్లు, సీసాలు, పాడవనివి, షిప్పులోకి తీసుకెళ్ళొచ్చు. ఇంట్లో వండిన పులిహోర, గారెలు లాంటివి ఒప్పుకోరు. కొన్న కందిపొడి, గోంగూర పచ్చడి చెక్ఇన్ బ్యాగులో గట్టిగా కట్టి పెట్టుకోండి. ఎలక్ట్రిక్ కుక్కరు, కెటిల్ మాత్రం వద్దు, స్కానింగ్‌లో పట్టుకుని దిగేదాకా వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు.

తెనాలి_సుధ
మెయిన్ డైనింగ్‌లో పచ్చడి సీసా తీసి టేబులు మీద పెడితే ఎవరూ ఏమీ అనరు. మా వెయిటరు కొంచెం రుచి చూపించమని అడిగాడు. గోంగూర పెట్టాం, మర్నాడు మళ్ళీ అడిగాడు.

షిప్పు_వంటింట్లోంచి
ఆ వెయిటరు నాకు తెలిసినవాడై ఉంటాడు. మా మెస్సులో గుంటూరు పచ్చడి సీసా వస్తే ఒక్క రోజు నిలిచేది కాదు.

పటమట_పద్మజ
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు. మా వారితో, మామయ్యగారితో కూర్చుని మాట్లాడాం. ఇలా అనుకున్నాం. ప్యాకేజీ తీసుకోం. రాత్రిళ్ళు మెయిన్ డైనింగ్, మై టైమ్‌లో ఏడు గంటలకి. పొద్దున, మధ్యాహ్నం బఫే. ఒక్క రాత్రి మాత్రం మామయ్యగారు, మా వారు, బాబు ముగ్గురూ టెప్పన్‌యాకికి వెళ్తారు, సాయంత్రం తొందర టైములో. నేను, అత్తయ్యగారు, పాప మా వెయిటరు దగ్గరే. మామయ్యగారు ముందు, నాకెందుకమ్మా అంత డబ్బు అన్నారు. మనవడితో కూర్చుని పెనం మీద రొయ్యలు వేయించడం చూడొచ్చంటే ఒప్పుకున్నారు.

రెండు అనుమానాలు మిగిలాయి. ఆ టేబులు ఇప్పుడే ఆన్‌లైన్‌లో బుక్ చెయ్యాలా, ఎక్కాక చెయ్యాలా? మెయిన్ డైనింగ్‌కి ఆడవాళ్ళు ఏం కట్టుకోవాలి?

బ్రాడీపేట_4వ_లైను
ఇప్పుడే చెయ్యండి. ఏజెంట్ అక్కర్లేదు. రాయల్ కరీబియన్ సైటులో మీ బుకింగ్ నంబరుతో లాగిన్ అయితే క్రూయిజ్ ప్లానర్ కనిపిస్తుంది, రేట్లన్నీ అందులోనే. మామూలుగా ఎక్కాక కన్నా ముందు తక్కువ. ఈ మధ్యలో ఆఫర్ వచ్చి రేటు తగ్గితే, పాతది రద్దు చేసి కొత్త రేటుకి మళ్ళీ తీసుకోవచ్చు, బయలుదేరక ముందు రద్దు చేస్తే డబ్బు వెనక్కొస్తుంది. ఏజెంట్ చెప్పిన వాటిలో ఎక్కాక రేటు ఎక్కువన్న ఒక్క మాట నిజమే.

లబ్బీపేట_లక్ష్మి
చీర కట్టుకోండి హాయిగా. మామూలు రోజుల్లో చుడీదార్ చాలు, ఫార్మల్ నైట్ రోజు పట్టుచీర కట్టుకుంటే అక్కడున్న గౌన్లన్నీ దిగదుడుపే. మగవాళ్ళకి నిక్కర్లు, బనియన్లు వద్దు, ప్యాంటూ చొక్కా చాలు. మామయ్యగారు పంచె కట్టుకుంటానంటే నిరభ్యంతరంగా కట్టుకోమనండి. మా మామగారు జరీ అంచు పంచె కట్టుకొచ్చారు, ఫోటోగ్రాఫరు వెంటపడి ఫోటోలు తీశాడు.

మిర్చియార్డ్_మూర్తి
పద్మజ గారూ, మీ ఇద్దరికీ కూడా ఒక పూట చూసుకోండమ్మా. పిల్లలని పెద్దవాళ్ళ దగ్గర వదిలి, మీ వారూ మీరూ. కొన్ని షిప్పుల్లో సముద్రం మీదే ఉండే రోజు మధ్యాహ్నం అదే స్పెషాలిటీ రెస్టారెంటు రాత్రి కన్నా తక్కువ రేటుకి పెడతారు. ప్లానర్‌లో లంచ్ అని కనిపిస్తే తీసుకోండి. మొత్తం ట్రిప్పు ఇంట్లోవాళ్ళ పప్పూ, షుగరూ చూసుకోవడంతోనే గడిచిపోతుంది, నేను చూశాను.

పటమట_పద్మజ
మూర్తి గారూ, ఈ మాట మా వారికి ఫార్వర్డ్ చేశాను. లంచ్ కోసం ప్లానర్ తెరిచి చూస్తున్నారు.

హ్యూస్టన్_నుంచి_గుంటూరోడు
టెప్పన్‌యాకి ఏ రాత్రికి పెడుతున్నారు?

పటమట_పద్మజ
ఫుకెట్ రోజుకి పెడదామనుకున్నాం.

హ్యూస్టన్_నుంచి_గుంటూరోడు
ఆ రోజు వద్దు. ఫుకెట్‌లో పటోంగ్ బీచ్ దగ్గర పెద్ద షిప్పు ఒడ్డుకి రాదు, సముద్రంలో ఆపి చిన్న పడవల్లో దింపుతారు. తిరిగొచ్చేటప్పుడు ఆ పడవల కోసం క్యూ ఉంటుంది, ఎండలో తిరిగొచ్చి అందరూ అలిసిపోయి ఉంటారు. టైముకి చేరకపోతే ఆ బుకింగ్ డబ్బు పోవచ్చు. తర్వాత రోజు సముద్రం మీదే ఉంటారు కదా, ఆ సాయంత్రం పెట్టండి.

పటమట_పద్మజ
మార్చేశాం. సముద్రం రోజు, అయిదున్నరకి, ముగ్గురికి.